అరగోలి కోసిన కత్తెర

నేను ఒక కత్తెరను. దర్జీ బల్ల మీద దర్జాగా పడుకునే రకం కాదు, మంగలి చేతిలో కిచకిచలాడే రకం అంతకన్నా కాదు. బీడీల ఆకు కోసే కత్తెరను. అరచేతిలో ఇమిడిపోతాను. ఇప్పుడు నా రెండు మొనల్లో ఒకటి విరిగింది, మధ్యలో సీల వదులైంది, కోయమంటే నములుతాను. అయినా మొగిలిగుంటలో ముత్తవ్వ ఇంట్లో, ఒక పాత తంబాకు డబ్బాలో, మందు గోలీల పక్కన నాకో చోటుంది. పొద్దున ఒకసారి బయటికి తీస్తారు, ఒక్క కోత కోయిస్తారు, మళ్ళీ లోపల పెట్టి మూత బిగిస్తారు. ఒక్క కోతకు ఇంత మర్యాద ఏమిటని మీరడగవచ్చు. చెబుతాను. తొందర పెట్టకండి, ఈ వయసులో నాకు తొందరపడే ఓపిక లేదు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఎక్కడో ఘాట్ రోడ్డులో బోల్తా పడిన లారీ కమాను పట్టీలో ఒక ముక్కను నేను. కమ్మరి విఠలయ్య నన్ను ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, రెండు కాళ్ళుగా చీల్చి నీళ్ళలో ముంచాడు. చుయ్యిమన్నాను. అదే నా మొదటి మాట. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కిరుకిరు తప్ప మరో మాట అన్నది లేదు. అన్నీ మీ మనుషులే అంటుంటే మధ్యలో నాకెక్కడ సందు?

నన్ను తీసుకున్న మనిషి ముత్తవ్వ. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు దాటలేదు. విఠలయ్య కొలిమి ముందే ఒక తునికాకును పట్టుకొని చుట్టూ కోసి, అంచు మీద బొటనవేలు రాసి చూసి, పనికొస్తుంది అన్నట్టు నన్ను నడుముకు చెక్కుకొని వెళ్ళిపోయింది. ఆ వాడలో ఆమె అంత వేగంగా ఆకు కోసేవాళ్ళు లేరు. నానబెట్టిన ఆకు మీద కొలత రేకు పెట్టడం, దాని చుట్టూ నన్ను తిప్పడం, కోసిన ఆకును ఒళ్ళోకి రాల్చడం, అంతా ఆమె చూపు అవసరం లేకుండానే జరిగిపోయేది. చూపు ఎప్పుడూ వాకిట్లో వచ్చేపోయేవాళ్ళ మీదే ఉండేది, ఎవరింట్లో ఏం జరుగుతున్నదో తెలియాలి కదా.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. ఆ రోజుకు కావలసిన ఆకంతా ఒక్క కూర్చుడులో కోసెయ్యాలి. కోసింది కోసినట్టు తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. ఆకు ఆరిందంటే పగులుతుంది, తడిగా ఉంటేనే చుట్టుకు లొంగుతుంది. ఆ తరువాతే చాట ఒళ్ళో పెట్టుకొని తంబాకు పోసి చుట్టడం మొదలు. ముప్పై ఏళ్ళు ఇదే వరస. ఈ వరసే తరువాత ఆమె కొంప ముంచింది, అందుకని ముందే చెప్పి పెడుతున్నాను.

ఇంటికి కోడలుగా లింబవ్వ వచ్చింది. ముత్తవ్వ కొడుకు పోశెట్టి వరికోత మిషన్ నడుపుతాడు, కోతల కాలమంతా ఊళ్ళు పట్టి తిరుగుతాడు. ఇంట్లో మిగిలేది అత్తా కోడళ్ళే. ముత్తవ్వకు చూపు మందగించడంతో నేను లింబవ్వ చేతికి మారాను. సన్నటి వేళ్ళు, మెత్తటి పట్టు. మొదటి నెల నన్ను పట్టుకోవడం రాక బొటనవేలికి బొబ్బలు తెచ్చుకుంది. రెండో ఏడు వచ్చేసరికి అత్తను మించింది. దినమంతా వంగి కూర్చోవడంతో నడుము పట్టేసేది. ఒక సాయంత్రం ఆ పిల్ల గోడకు ఆనుకొని ఏడుస్తుంటే ముత్తవ్వ కల్లు సీసా తెచ్చి, స్టీలు గ్లాసులో పోసి చేతికిచ్చింది. ఒక గ్లాసు తాగితే నొప్పులన్నీ పోతాయని, తాను తాగడం లేదా అని చెప్పింది. ప్రేమతోనే పోసింది. మనుషులు ఒకరికొకరు చేసుకునే చెరుపులో సగం ప్రేమతో చేసిందే అని నేను చాలాకాలంగా గమనిస్తున్నాను.

కల్లు అంటే చెట్టు నుంచి దిగిందే కదా అనుకుంటారు మీరు. ఆ ఊరి దుకాణంలో సీసాలోకి చేరేసరికి అందులో చెట్టు వాటా చాలా తక్కువ. మిగతాది నీళ్ళు, చక్కెర, ఒక తెల్ల పొడి. ఆ పొడి మత్తు గోలీలు చేసే సరుకు. తాగినవాళ్ళకు హాయిగా నిద్ర వచ్చేది, మర్నాడు సాయంత్రం కాళ్ళు వాటంతటవే దుకాణం వైపు నడిచేవి. అత్తా కోడళ్ళు తాగుబోతులని ఊళ్ళో ఎవరూ అనలేదు, ఎందుకంటే అనవలసినవాళ్ళు కూడా అక్కడే కూర్చొని తాగేవారు.

ఒక ఎండాకాలం ఎక్సైజ్ వాళ్ళు దుకాణాల మీద పడ్డారు. పొడి దొరికింది, తాళాలు పడ్డాయి. మంచి పనే చేశారు. కాని తాళం వేసినవాళ్ళు, రోజూ తాగే ఒంట్లోంచి ఆ పొడిని ఒక్కసారిగా లాగేస్తే ఏమవుతుందో ఊరికి చెప్పి వెళ్ళలేదు. రెండో రోజుకు వాడంతా వణకడం మొదలుపెట్టింది. ముత్తవ్వ తలకు గుడ్డ బిగించుకొని కుక్కిమంచంలో ముడుచుకుంది. లింబవ్వ నన్ను పట్టుకొని ఆకు మీద పెడితే నేను ఆకు మీద కాదు, గాలిలో కోస్తున్నాను. చెమటలు, నిద్ర లేదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురు పట్టుకొని కొట్టేది. అక్కడ పురుగులు లేవు, నేను చూశాను.

మూడో రోజు పొద్దున పొయ్యి ముందే పడిపోయింది. కళ్ళు తేలేసింది, పళ్ళు బిగిశాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మూర్ఛ వచ్చినవాళ్ళ గుప్పిట్లో ఇనుము పెడితే తగ్గుతుందని మీలో చాలామందికి ఒక నమ్మకం ఉంది కదా. ముత్తవ్వకు తాళంచెవి దొరకలేదు. నేను దొరికాను. నన్ను కోడలి గుప్పిట్లో కుక్కి వేళ్ళు మూసింది. ఆ పిల్ల కొట్టుకున్నకొద్దీ నేను ఆమె అరచేతిలోకి దిగాను. పదేళ్ళు నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. అంతకంటే సిగ్గుపడ్డ రోజు నా బతుకులో లేదు.

అలా ఆమె గుప్పిట్లోనే అంబులెన్సు ఎక్కాను, ఏరియా ఆస్పత్రికి చేరాను. అక్కడ సిస్టరమ్మ సూది వేశాక వేళ్ళు సడలాయి. రక్తంతో తడిసిన నన్ను పైకెత్తి చూసి, కోపం రావాలో నవ్వు రావాలో తెలియనట్టు నిలబడింది.

"తాళంచెవి పెట్టినోళ్ళను సూసిన, గొడ్డలి పెట్టినోళ్ళను సూసిన. కత్తెర పెట్టినోళ్ళను ఇప్పుడే సూస్తున్న," అంది ముత్తవ్వతో. "ఇగో అవ్వా, మనిషిని పక్కకు ఒరిగియ్యాలె, నోట్ల ఏం పెట్టొద్దు, చేతిల ఏం పెట్టొద్దు, నూట ఎనిమిదికి ఫోన్ కొట్టాలె. గంతే."

ఆ వార్డు నిండా కల్లు దొరకని మనుషులే. కొందరిని మంచాలకు కట్టారు, కొందరు లేని బస్సు కోసం కేకలు వేస్తున్నారు. లింబవ్వ దిండు పక్కన ట్రేలో పడి ఆరు రోజులు నేను ఇదంతా విన్నాను. మూడో రోజుకు ఆమెకు మనుషులు మనుషుల్లాగా కనిపించారు. అయిదో రోజు గోలీ ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మను ఒక ప్రశ్న అడిగింది. వార్డులో అందరి మనసులో ఉన్నదే, ఎవరూ అడగనిది. కల్లులో కలిపేది ఈ గోలీల పొడే అంటున్నారు, దాంతోనే ఇంత అయ్యింది, మళ్ళీ మీరూ అదే ఇస్తున్నారేమిటని.

డాక్టరమ్మ చిన్నది. రెండు రోజులుగా ఇంటికి పోయినట్టు లేదు. మంచం అంచున కూర్చుంది.

"ఔ, అసొంటిదే," అంది. "నువ్వు మిద్దె మీద ఉన్నవనుకో. దుకాణం బంద్ చేసినోళ్ళు నిన్ను మీదికెల్లి నూకిన్రు, అందుకే ఫిట్స్ వచ్చినయ్. నేను మెట్లు కట్టి దింపుతున్న. గియాల ఒక గోలి, పది దినాలకు అరగోలి, తర్వాత పావు. అందరికీ ఒక్కటే లెక్క ఉండదు, నీ ఒంటిని సూసి చెప్తా. దాని మీద కల్లు మాత్రం ముట్టకు. రెండూ కలిస్తే నిద్రల్నే ఊపిరి ఆగుతది."

లింబవ్వ తలూపింది. తన చేతుల వైపు చూసుకుంది. ఈ చేతులు మళ్ళీ ఆకు కోస్తాయా అన్నదే ఆమె దిగులు. కంపెనీ పని ఇచ్చే బీడీ కార్డు ఆ చేతుల మీదే ఉంది, ఆ కార్డు పోతే ఇంట్లో పొయ్యి పోశెట్టి వచ్చినప్పుడే వెలుగుతుంది.

ఏడో రోజు ఇంటికొచ్చాం. గోలీల చీటీ మీద డాక్టరమ్మ చంద్రుళ్ళు గీసి ఇచ్చింది, నిండు చంద్రుడు, అర చంద్రుడు, పావు చంద్రుడు. చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలాగ. గోలీలు సగం చెయ్యడానికి లింబవ్వ చేతులు ఇంకా నిలకడగా లేవు. ముత్తవ్వ నన్ను కడిగి తుడిచి చేతిలోకి తీసుకుంది. ముసలిదానికీ వణుకే. ఈ వారమంతా రాత్రిళ్ళు ఇంట్లో ఒక్కతే పడి వణికింది, నిద్ర అన్నది లేదు, ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు. కొడుకు కోతల మీద ఎక్కడో ఉన్నాడు, ఇద్దరం పడుకుంటే చూసేదెవరు అన్నది ఆమె లెక్క. కాని కోత అనేసరికి హుషారు వచ్చింది. తనకు తెలిసిన పద్ధతిలో పని మొదలుపెట్టింది. అన్ని పట్టీల్లోంచీ గోలీలన్నీ చాటలోకి ఒలిచింది. చంద్రుళ్ళ చీటీ ముందర పెట్టుకొని సగాలు, పావులు, నెలకు సరిపడా ఒక్క కూర్చుడులో కోసేసింది. రెండు మూడు పొడి అయ్యాయి. వేలికంటిన పొడిని నాకింది. నాకి, ఒక్క క్షణం ఆగింది. ఆ చేదు ఆమెకు కొత్త కాదు, సీసా అడుగున ఆఖరి గుటకలో తగిలే చేదే.

తరువాత ఏం చేసిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. కోసిన ముక్కలన్నిటినీ, నిండు గోలీలతో సహా, తడిగుడ్డలో చుట్టి, ఆకు కట్టలో పెట్టింది. ఆరిపోతే పగులుతాయని భయం. ముప్పై ఏళ్ళుగా కోసిన ప్రతిదాన్నీ ఆమె అలాగే దాచింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. లేదు కనుక కిర్రుమని మూసుకున్నాను.

పొద్దున గుడ్డ విప్పితే గోలీలు లేవు. ఆకులకు అంటుకున్న తెల్లటి ముద్ద ఉంది. ముత్తవ్వ గుడ్డను మళ్ళీ చుట్టేసింది. ఆకు కోతలో తప్పు చేసిందని ఆమెను ఎవరూ ఏనాడూ అనలేదు. లింబవ్వ లేచి గోలి అడిగితే, చాయ్‌తో ఇచ్చాను కదా, వేసుకున్నావు కదా అని చెప్పింది. ఆ పిల్లకు మందు మత్తులో నిన్నకూ ఇవాళకూ తేడా తెలియడం లేదు, అవునేమో అనుకుంది. కార్డు పోకుండా, ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారుకు ముఖం చూపించి వద్దామని కార్ఖానాకు బయలుదేరింది. మందు వేసుకోకుండానే.

ముత్తవ్వ ఒక్కతే మిగిలింది. పారేద్దామని ముద్దను ఒక ఆకు మీదికి గీకింది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో తంబాకు దుమ్ము కూడా ఊడ్చి డబ్బాలో పోసే మనిషి. వేలితో కొంచెం నాకింది. ఇంకొంచెం నాకింది. ఎనిమిది రోజులుగా కంటి మీద కునుకు లేని ముసలిదాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆకు శుభ్రమయ్యేదాకా తింది. వీధి చివర దుకాణానికి ఆ రోజే తాళం తీశారు, ఇక మీదట కల్తీ ఉండదని బోర్డు కూడా కట్టారు. లేచి గోడ పట్టుకుంటూ వెళ్ళి ఒక సీసా తాగి వచ్చింది. ఆకు కట్టకు తల ఆనించి పడుకుంది.

లింబవ్వ మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. అక్కడ కూర్చొని చుట్టిన బీడీలు అన్నీ వంకర, టేకేదారు నవ్వాడట. చేతులు పొద్దుటికంటే ఎక్కువ వణుకుతున్నాయి. వాకిట్లోకి రాగానే గురక వినిపించింది. మామూలు గురక కాదు. లాగి, ఆగి, చాలాసేపటికి మళ్ళీ లాగేది. పెదవులు నల్లబడ్డాయి. లింబవ్వ కేకకు ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో నన్ను చాటలోంచి తీసి ముసలిదాని గుప్పిట్లో పెట్టారు. ఇంకెవరో లింబవ్వ వణుకు చూసి, నువ్వు కూడా పడిపోతావు, పోయి ఒక సీసా తాగి రా, దుకాణం తెరిచారు అన్నారు. మంచిమాట చెబుతున్నామనే అనుకున్నారు పాపం.

ఆ ఒక్క క్షణం లింబవ్వ వీధి చివరికి చూసింది. నేను ఆమె కళ్ళలోకే చూస్తున్నాను. పోవాలని ఉంది ఆమెకు. ఒళ్ళంతా పోదామంటున్నది. నాకు భయం వేసింది.

ఆమె వంగి అత్త గుప్పిట్లోంచి నన్ను లాగేసింది. నడుముకు చెక్కుకుంది. ముసలిదాన్ని పక్కకు ఒరిగించి, నోట్లో నురగ చీరచెంగుతో తుడిచి, గడ్డం పైకెత్తి పట్టుకుంది. ఆ చేతులతోనే ఫోను పట్టుకోలేక పక్కింటి పిల్లతో నూట ఎనిమిదికి కొట్టించింది. అంబులెన్సు వచ్చేదాకా ఊపిరి ఆగినప్పుడల్లా భుజం చరుస్తూ పిలుస్తూనే ఉంది. ఆమె నడుము దగ్గర ఆ వణుకంతా నాకు తెలుస్తూనే ఉంది.

ఆస్పత్రిలో అదే డాక్టరమ్మ. ముక్కుకు ఆక్సిజన్ పెట్టింది, సెలైన్ ఎక్కించింది. ఈ మత్తుకు విరుగుడు సూది ఒకటుంది కదా, వేద్దామా అని సిస్టరమ్మ అడిగింది. డాక్టరమ్మ ఆలోచించి వద్దంది. ఏళ్ళ తరబడి అలవాటుపడిన ఒంట్లో మత్తును ఒక్కసారిగా లాగేస్తే ఈ వయసులో ఫిట్స్ వచ్చి మనిషే పోవచ్చు, ఊపిరి అందిస్తూ కాచుకుందాం అని చెప్పింది. కాచుకోవడమే వైద్యం అయినప్పుడు పక్కనున్నవాళ్ళకు అంతకంటే కష్టం లేదు. లింబవ్వ వణుకు చూసి డాక్టరమ్మే ఆమె నోట్లో గోలి వేసి నీళ్ళు తాగించింది. ఆమె స్టూలు మీద కూర్చొని అత్త ఛాతీ లేవడం, పడడం చూస్తూ ఉండిపోయింది.

మరునాడు ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చే వేళకు ముత్తవ్వ కళ్ళు తెరిచింది. కోడలిని గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది.

"నీ గోలీలు నేనే నాశనం చేసిన," అంది. "తడిగుడ్డల పెట్టిన."

"ఎరుకైంది అత్తా. ఆకుల మీద సూసిన."

"మొదటి గిలాస పోసింది గూడ నేనే గదనే, లింబీ."

లింబవ్వ దుప్పటి సర్ది, ముసలిదాని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ వణుకుతున్నాయి, ఏది ఎవరిదో తెలియనంతగా.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చంద్రుళ్ళ చీటీలు రెండు. ఆశ వర్కర్ సులోచన వారానికోసారి వచ్చి పట్టీలు చూసి వెళ్ళేది. లింబవ్వ తంబాకు డబ్బా ఒకటి ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి మందులు అందులో పెట్టింది. ఏ రోజు ముక్క ఆ రోజే కోయాలి, ఇదీ కొత్త పద్ధతి. కోతంతా నాదే. గోలీలు కోసి కోసి నా పదును పోయింది. ఆకు కోయబోతే అంచులు చీలుస్తున్నానని లింబవ్వ సంతలో కొత్త కత్తెర తెచ్చుకుంది. దాని పిడికి ఎర్ర ప్లాస్టిక్. ఈర్ష్య పడేంత ఓపిక కూడా నాకు లేదు.

లింబవ్వ దిగింది. సగం, పావు, రోజు విడిచి రోజు పావు, ఆ తరువాత ఏమీ లేదు. మధ్యలో ఎన్ని పొద్దులు గోడకు తల కొట్టుకుందో, ఎన్నిసార్లు వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చిందో నాకు తెలుసు, ఆమె ఎవరికీ చెప్పలేదు. వానాకాలం ముగిసేసరికి ఆమె చుట్టిన బీడీల్లో టేకేదారుకు వంకర దొరకలేదు. అరచేతిలో నేను చేసిన మచ్చ మాత్రం ఉంది. కొత్త కత్తెర పట్టుకుంటే సరిగ్గా ఆ మచ్చ మీదే ఆనుతుంది.

ముత్తవ్వ మాత్రం అరగోలి దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు దుకాణానికి పోయింది, రెండుసార్లూ ఆమెను మళ్ళీ మొదటి మెట్టు నుంచి దింపారు. ఆ తరువాత పోలేదు, కాని అరగోలి నుంచి కిందికీ దిగలేదు. పావు అనగానే ఒళ్ళు నొప్పులనేది, ఏడ్చేది, తిట్టేది. డాక్టరమ్మ బలవంతం చెయ్యవద్దంది, ఆ మెట్టు మీదే కొన్నాళ్ళు కూర్చోనివ్వమంది. నెలలు గడిచాయి. లింబవ్వ రోజూ అరగోలి కోసి అత్త చేతిలో పెట్టేది, ఏమీ అనేది కాదు. నేను అలిసిపోయాను. లింబవ్వ కూడా అలిసిపోయిందని ఆమె నన్ను పట్టుకునే తీరులోనే తెలిసేది.

మొన్న పొద్దున కూడా అలాగే కోసింది. అరగోలి అత్త అరచేతిలో పెట్టి మిగతా సగం డబ్బాలో వెయ్యబోయింది. ముత్తవ్వ నోట్లో వేసుకోలేదు. చేతిలో ఉన్న ముక్కను చూస్తూ కూర్చుంది. తరువాత చెయ్యి చాపి, కత్తెర ఇటు ఇమ్మంది.

ఏడాది తరువాత ఆమె బొటనవేలు నా పిడి కంట్లోకి దూరింది. పట్టు పాతదే, బలం లేదు. అరగోలిని చాట అంచున పెట్టి, వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకొని నన్ను మూసింది. నా సీల వదులు, ఆమె చూపు మందం. ఇద్దరం కలిసి ఎలాగో కోశాం. ముక్కలు సమంగా రాలేదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తంబాకు దుమ్ము కూడా పారెయ్యని మనిషి, పెద్ద ముక్క విడిచి పెడుతుందని లింబవ్వ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ముత్తవ్వ చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంది. పెద్ద ముక్కను కోడలి వైపు జరిపింది.

"ఇది రేపటికి," అంది. "డబ్బ పొడిగున్నదా, జర సూసి పెట్టు బిడ్డా."

డబ్బా పొడిగానే ఉంది. అయినా లింబవ్వ దాన్ని చీరచెంగుతో లోపలా బయటా మరోసారి తుడిచింది. తరువాత ఆ ముక్కనూ నన్నూ పక్కపక్కన పెట్టి మూత బిగించింది.